ఉరిమితే పీకేసే పెట్టెలు

నేను ఉండేది గుడివాడలో, పనిచేసేది బందరులో. పొద్దున పాసింజరులో నిలబడే ప్రయాణం. పెడనలో అద్దకం పనికి వెళ్ళే ఆడవాళ్ళు దిగిపోయాక సీటు దొరుకుతుంది, కూర్చుని చున్నీ సర్దుకునేలోపు బందరు వచ్చేస్తుంది. మీ అమ్మాయి ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే మా అమ్మ తడుముకోకుండా టీవీ చూసే ఉద్యోగమని చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఊరూరికీ ఇంటర్నెట్ ఇచ్చే ఒక చిన్న కంపెనీలో, గోడకి తగిలించిన పెద్ద స్క్రీను ముందు కూర్చుని, ఏ ఊళ్ళో మా నెట్టు పెట్టె పలుకుతోందో, ఏది పడిపోయిందో చూస్తూ ఉండటమే నా పని.

ఆ స్క్రీను మీద కనిపించే ఒక్కో యంత్రాన్నీ హోస్టు అంటారు. దాని గురించి మనం అడిగే ఒక్కో సంగతినీ సర్వీసు అంటారు. కొత్తగా చేరినవాళ్ళకి నేను ఇంకోలా చెబుతాను. హోస్టు అంటే మనింటి మనిషి అనుకోండి. పలుకుతున్నాడా, ఒళ్ళు వేడిగా ఉందా, బ్యాటరీలో ఓపిక ఎంత మిగిలింది, ఇవన్నీ సర్వీసులు. కంప్యూటరు కొద్ది నిమిషాలకోసారి, విసుగన్నది లేకుండా, అందరినీ ఇవే అడుగుతుంది. సరైన జవాబు వస్తే పచ్చ, తేడాగా వస్తే పసుపు, అసలు రాకపోతే ఎరుపు. మా అమ్మ రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి తిన్నావా, ఏం కూర, పెరుగు వేసుకున్నావా అని అడిగేది కూడా ఇదే పని. పలక్కపోతే ఆవిడ కూడా ఎర్రబడుతుంది.

మా ఓనరు గారికి టవర్లు కట్టే స్తోమత లేదు. అందుకని దివిసీమ వైపు లైను తీసుకెళ్ళేటప్పుడు దారిలో మంచివాళ్ళ ఇళ్ళు చూసుకుని, డాబా మీద యాంటెన్నా ఒకటి, గదిలో ఓ మూల పెట్టె ఒకటి పెట్టించారు. బదులుగా ఆ ఇంటికి నెట్టు ఉచితం. బందరు నుంచి చల్లపల్లి, అక్కడి నుంచి అవనిగడ్డ, అక్కడి నుంచి సముద్రం ఒడ్డు దాకా, ఒక డాబా ఇంకో డాబాకి సిగ్నలు అందిస్తుంది. మధ్యలో ఒక ఇల్లు పలక్కపోతే ఆ కిందవాళ్ళెవరికీ నెట్టు ఉండదు.

పెట్టెలకి అక్షరాలూ అంకెలూ కలిపిన పేర్లు పెట్టమన్నారు ఓనరు గారు. పెట్టాను. కొన్నాళ్ళకే ఏది ఎవరిదో నాకే తెలియకుండా పోయింది. చిరాకేసి, ఆ ఇళ్ళవాళ్ళని నేను ఏమని పిలుస్తానో ఆ పేర్లే ఎక్కించేశాను. చల్లపల్లిలో రిటైరైన మాస్టారింట్లోది చల్లపల్లి మావయ్య. అవనిగడ్డలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆవిడ ఇంట్లోది అవనిగడ్డ పిన్ని. లైనులో చిట్టచివరిది, చేపల వేట మీద బతికే ఊళ్ళో ఉన్నది, మొగ అత్త. నీళ్ళు సముద్రంలో కలిసే చోటిని మావైపు మొగ అంటారు, ఆవిడ ఇల్లు దానికి దగ్గర. ఈ ముగ్గురిలో ఎవరూ నాకు చుట్టాలు కారు. ఎవరి కులం ఎవరిదో, ఎవరి దేవుడు ఎవరో. ఫోన్లో మాట్లాడీ మాట్లాడీ వరసలు కలిశాయి, అంతే.

ఆ పేర్లతో తిప్పలు కూడా పడ్డాను. ఒకరోజు రైల్లో ఉండగా నా ఫోనుకి "అవనిగడ్డ పిన్ని, క్రిటికల్" అని మెసేజీ వచ్చింది. పక్కన నిలబడినావిడ అది చూసి నా చెయ్యి పట్టుకుంది. ఏ ఆసుపత్రిలో పెట్టారని అడిగింది, ధైర్యంగా ఉండమంది, తనకి తెలిసిన డాక్టరు గారి గురించి చెప్పింది. పిన్నికి ఏమీ కాలేదండీ, వైరు లూజైంది అని చెప్పాక నన్ను ఎగాదిగా చూసి చెయ్యి వదిలేసింది.

మొగ అత్త పెట్టె పెట్టించుకున్నది సినిమాల కోసం కాదు. ఆ ఊళ్ళో ఫోను సిగ్నలు వీధిలో ఉంటుంది, మొగ దాకా వెళ్తే ఉండదు. ఆవిడ భర్త వేట ముగించుకుని మొగ బయటికి చేరగానే ఒక్క ఫోన్ చేయగలిగితే చాలు, ఆవిడకి కావలసింది అదొక్కటే. అందుకని మేం ఆ డాబా మీద ఒక యాంటెన్నా సముద్రం వైపు తిప్పి పెట్టాం. పడవ దగ్గరికి రాగానే ఆయన ఫోను దాన్ని అందుకుంటుంది, అత్తకి వాట్సాప్ కాల్ వస్తుంది. వచ్చేశాం అంటాడట, పెట్టేస్తాడట. ఆ మాట వినేదాకా ఆవిడ అన్నం ముట్టదు.

"ఇదివరకు ఒడ్డుకెళ్ళి నిలబడేదాన్నమ్మాయ్," అని ఒకసారి నాతో అంది. "ఇప్పుడు పొయ్యి దగ్గరే కూర్చుని ఫోను కోసం చూస్తన్నా. నిలబడ్డం తప్పింది గానీ చూడ్డం ఎక్కడ తప్పుద్ది."

ఆ మాట విన్నప్పటి నుంచి స్క్రీను మీద నా కళ్ళు ముందు ఆవిడ పేరు దగ్గరికే వెళ్ళేవి. పొద్దున బ్యాగు బల్లమీద పెట్టకముందే అది పచ్చగా ఉందో లేదో చూసుకునేదాన్ని.

అవనిగడ్డ పిన్నిది ఇంకో రకం. మన ఇళ్ళల్లో టీవీకి తొడుగు, మిక్సీకి తొడుగు, ఫ్రిజ్జు నెత్తిన పూల గుడ్డ ఉండకపోతే ఆ ఇంటి ఇల్లాలికి నిద్ర పట్టదు కదా. పిన్ని చేతిలో మిషను కూడా ఉంది. మా పెట్టె దుమ్ము కొట్టుకుపోతోందని జాలిపడి, మిగిలిపోయిన జాకెట్టు ముక్కలతో దానికి చక్కటి తొడుగు కుట్టి, అంచుకి లేసు వేసి, కింద నాడా కూడా బిగించింది. ఆరోజు స్క్రీను మీద పిన్ని ఒంటి వేడి పెరుగుతూ పోయింది, పసుపైంది, ఎరుపైంది. మా లైన్లు చూసే అన్న బండి మీద పరుగెత్తాడు. తొడుగు విప్పితే పెట్టె ఇడ్లీ పాత్రలా ఉందని ఫోన్ చేశాడు.

పిన్ని నొచ్చుకుంది. గాలి ఆడాలని నేను నచ్చజెప్పాక, మళ్ళీ మిషను ముందు కూర్చుని, నాలుగు వైపులా దోమతెర గుడ్డ వేసి కొత్తది కుట్టింది. అక్కడితో ఆగలేదు. చల్లపల్లి మావయ్యకి ఒకటి, ఎప్పుడూ చూడని మొగ అత్తకి ఒకటి కుట్టి, అన్న చేతికిచ్చి పంపింది. ఉప్పుగాలికి సముద్రం దగ్గర పెట్టె తొందరగా పాడవుతుందని అత్త తొడుగుకి రెండు పొరలు వేసింది. బదులుగా అత్త ఎండు రొయ్యలు పంపింది. అప్పటి నుంచి అన్న బండికి ఒకవైపు మా వైర్లు, ఇంకోవైపు వీళ్ళ పెట్టుపోతలు. రొయ్యల వాసన ఆఫీసు దాకా వచ్చేది.

మావయ్య తన పెట్టెని క్లాసులో వెనక బెంచీ పిల్లాడిని చూసినట్టు చూసేవారు. దీపం ఒకటి ఆగి ఆగి వెలుగుతోందనీ, ఫ్యాను కొత్త చప్పుడు చేస్తోందనీ నాకు ఫోన్ చేసి చెప్పేవారు. అది మామూలేనండీ అంటే, మామూలని ఎవరు చెప్పారు అని నన్నే ప్రశ్న అడిగేవారు. ఆదివారం చర్చి నుంచి రాగానే బూట్లు విప్పకముందే ఓసారి పెట్టె వైపు చూసి కాని కూర్చోరని వాళ్ళావిడ అనేది.

ముగ్గురికీ కలిసిన అలవాటు ఒకటుంది. ఉరిమితే ప్లగ్గు పీకేస్తారు. మా వైపు పుట్టి పెరిగిన ఎవరినైనా అడగండి, ఆకాశం గుడగుడమంటే చాలు, టీవీ, ఫ్రిజ్జు, ఫోను, అన్నీ కట్టేసి, వీలైతే మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటారు. కరెంటు పోతే మా పెట్టెకి బ్యాటరీ ఉంది, ఉరిమితే మాత్రం వీళ్ళు ఆ బ్యాటరీ తీగ కూడా లాగేస్తారు. అది పెట్టె మీద ప్రేమే. మాది మాకు ఉన్నా లేకపోయినా మీ పెట్టె కాలిపోతే మాటొస్తుందని పిన్ని అనేది.

దాని వల్ల నాకొక వింత చూసే భాగ్యం దొరికింది. మబ్బు సముద్రం మీంచి వస్తే ముందు అత్త ఎర్రబడుతుంది. కాసేపటికి పిన్ని. ఆ తర్వాత మావయ్య. అప్పుడు నేను లేచి ఆఫీసు కిటికీలు వేసేదాన్ని. బందరులో చినుకు పడకముందే మబ్బు ఎంత దూరం వచ్చిందో నాకు తెలిసిపోయేది. ఆరేసిన బట్టలు తీసుకోండని ఆఫీసు పక్కింటివాళ్ళకి చెప్పి మెప్పు కూడా పొందాను.

ఓనరు గారు మాత్రం ఈ ముచ్చటకి మురిసిపోలేదు. నెలాఖరు రిపోర్టులో ఎరుపు చూసి ముఖం ఎర్రగా చేసుకునేవారు. ఒక ఇల్లు పడిపోతే దాని కిందవన్నీ పడిపోయినట్టే చూపిస్తోంది కదా, అందుకని నేను కూర్చుని, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో కంప్యూటరుకి చెప్పుకుంటూ వచ్చాను. మావయ్య మీద పిన్ని, పిన్ని మీద అత్త. ఇక పిన్ని ప్లగ్గు పీకితే అత్త పేరు ఎర్రబడదు. బూడిద రంగులోకి మారి "అందడం లేదు" అని చూపిస్తుంది. అంటే, ఆవిడకి ఏమీ కాలేదు, బాగానే ఉండి ఉండవచ్చు, మన గొంతు ఆవిడ దాకా వెళ్ళడం లేదు, అంతే. అది పడిపోవడం వేరు, ఇది వేరు. ఈ తేడా తెలిశాక నాకు ఈ ఉద్యోగం మీద గౌరవం పెరిగింది.

వానాకాలం చివర్లో ఒకరోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిన్ని పేరు ఎర్రబడింది. మబ్బు వస్తోందనుకున్నాను. కిటికీల వైపు లేవబోతూ మళ్ళీ స్క్రీను చూశాను. అత్త పేరు ఎర్రబడకుండానే నేరుగా బూడిద రంగులోకి మారింది.

అది నేను అంతవరకూ చూడలేదు. ఉరుములకి ముందు పీకేది అత్త. సముద్రం పక్కనున్న మనిషి, అవనిగడ్డ దాకా వచ్చిన ఉరుము ఆవిడకి వినపడకుండా ఉండదు. విన్నది. విని కూడా పెట్టె పీకలేదు. ఎందుకు పీకలేదో అప్పుడు తట్టింది. మామూలుగా మబ్బులు పట్టే వేళకి ఆయన ఇంట్లో ఉంటాడు. ఆరోజు లేడు.

ఫోన్ చేశాను. మొదటి రింగు పూర్తి కాకముందే ఎత్తింది. నా గొంతు వినగానే ఆవిడ గొంతు దిగిపోయింది. ఆయన ఇప్పుడే ఫోన్ చేశాడట. ఇంజను ఆగిపోయింది, మొగ బయట ఉన్నాం, తమ్ముణ్ణి పడవ వేసుకుని రమ్మను అన్నాడట. మొగకి ఏ వైపు ఉన్నారో చెప్పబోతుండగా కాల్ తెగిపోయింది. తమ్ముడు తాడు తీసుకుని ఒడ్డున సిద్ధంగా ఉన్నాడు. గాలి రేగింది, నీటి మీద ఏమీ కనిపించడం లేదు. పడమటి వైపు వెళ్ళాలా, తూర్పు వైపు వెళ్ళాలా తెలియదు. ఆ గాలిలో ఒక వైపు వెళ్ళి, కాదని మళ్ళీ రెండో వైపు తిరగడం కుదిరే పని కాదు.

"నేను పెట్టె పీకలేదమ్మాయ్," అంది. "పిడుగు పడితే పడనియ్యి. మరి ఎందుకు తెగిపోయింది?"

ఎందుకో నా ముందు కనిపిస్తూనే ఉంది. అత్తా, లైను నేను చూస్తాను, నువ్వు ఫోను పట్టుకుని ఉండు అని పెట్టేశాను. పిన్నికి చేశాను. స్విచ్ఛాఫ్. ఉరిమితే ఫోను కూడా కట్టేస్తారని చెప్పాను కదా. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఎవరి మీద కోపమో తెలియలేదు.

అదృష్టం కొద్దీ అన్న ఆరోజు అవనిగడ్డ వైపే ఉన్నాడు. వానకి ఒక టీకొట్టు రేకుల కింద ఆగి ఉన్నాడట. విషయం సగం చెప్పేసరికి బండి స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది.

ఈలోపు మావయ్య. మబ్బు ఇప్పుడు ఆయన మీదికి వస్తోంది. ఆయన పీకేస్తే పిన్ని పెట్టినా లాభం లేదు. ఫోన్ ఎత్తుతూనే, ఇదిగో ఇప్పుడే తీయబోతున్నానమ్మా, ఉరుముతోంది అన్నారు. తీయొద్దండీ అని, సంగతి చెప్పాను. చెబుతుండగానే ఆయన ఇంటి మీద ఉరిమింది, ఫోన్లో నా చెవి అదిరింది. డాబా మీద ఇనప గొట్టం, దానికి యాంటెన్నా, దాని తీగ ఆయన ముందుగదిలోకి. ఆ భయం ఉత్తది కాదని నాకు తెలుసు. అందుకే, మీకు భయమైతే వద్దులెండి, మీరూ మీ ఇంట్లో అత్తయ్యగారూ ఆ గదిలో ఉండొద్దు అని కూడా అన్నాను.

"ప్రార్థన చేసుకుంటామమ్మా," అన్నారు. "పెట్టె జోలికి పోము."

ఆ ముసలాయన మీద నాకు ఆ క్షణాన కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఎదురుగా ఉంటే కాళ్ళకి దండం పెట్టేదాన్ని, ఆయన వద్దనేవారు.

అవనిగడ్డలో జరిగింది తర్వాత అన్న చెప్పాడు. పిన్ని మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉందట. లైను పెట్టాలి, అత్తవాళ్ళాయన సముద్రం మీద ఉన్నాడు అని అన్న చెప్పి, తడిసిన బట్టలతో పెట్టె దగ్గరికి వెళ్ళబోతే, మంచం దిగి అడ్డం వచ్చిందట.

"తడి చేత్తో ముట్టుకోకు," అందట. "నేను పెడతా."

ముందు బ్యాటరీ తీగ, తర్వాత ప్లగ్గు. మళ్ళీ మంచం ఎక్కకుండా, పెట్టె ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుందట.

ఇక్కడ నాకు ఇవేమీ తెలియవు. కంప్యూటరు తన మానాన తను, తన వంతు వచ్చినప్పుడే అడుగుతుంది. ఇప్పుడే అడుగు అని చెప్పడానికి ఒక బటను ఉంటుంది, పిన్ని పేరు మీద దాన్ని నొక్కుతూనే ఉన్నాను. ఎరుపు. ఎరుపు. మళ్ళీ ఎరుపు. ఓనరు గారు లోపలికి వచ్చి ఏమైందని అడిగారు. చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు, రిపోర్టు మాట ఎత్తలేదు.

పిన్ని పేరు పచ్చబడింది. కాసేపటికి అత్త పేరూ పచ్చబడింది. అత్త పెట్టె కింద, సముద్రం వైపు యాంటెన్నాకి ఎన్ని ఫోన్లు తగిలాయో చెప్పే సర్వీసు ఒకటి ఉంది. అది సున్నా అంటోంది. బటను నొక్కాను. సున్నా. ఆయన ఫోన్లో చార్జింగు ఉందో లేదో, తడిసిందో, పడవ సిగ్నలు అందనంత దూరం కొట్టుకుపోయిందో. మా వంతు అయిపోయింది. ఇక ఇళ్ళవాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు, నేను చేయగలిగింది అసలే లేదు.

నొక్కాను. ఒకటి అంది.

అత్తకి ఫోన్ చేశాను. బిజీ. ఓనరు గారు తన ఫోను నుంచి చేశారు. బిజీయే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ బిజీ ఏమిటో తెలిసినవాళ్ళం కాబట్టి ఇక చేయలేదు.

బందరులో వాన మొదలైంది. కిటికీలు వేయడం మరిచిపోయాను, బల్లమీదకి జల్లు కొడుతోంది. మావయ్య పచ్చగానే ఉన్నారు, పిన్ని పచ్చగానే ఉంది, అత్త పచ్చగానే ఉంది. అంత ఉరుముల్లో లైనంతా పచ్చగా ఉండటం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ కోరుకున్న ఆ రంగుని చూస్తూ కూర్చోలేకపోయాను. సాయంత్రం బండికి టైమవుతోంది. వెళ్ళాలనిపించలేదు. అమ్మ ఫోన్ చేస్తే తర్వాత మాట్లాడతానని పెట్టేశాను.

చాలాసేపటికి అలారం మోగింది. తలెత్తి చూశాను. ఎరుపు. పిన్ని కాదు, మావయ్య కాదు. అత్త ఒక్కతే. ఆయన గుమ్మంలోకి వచ్చేశాడు, ఆవిడ వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

ఓనరు గారు అలారం ఆపబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. ఇద్దరం అలా కూర్చుని దాన్ని మోగనిచ్చాం.